వైరస్‌కు మందు: తెలుగు నేల మీద యాంటీవైరల్ పరిశోధన

ఎన్టీఆర్ జిల్లాలో విజయవాడ నుంచి కొండపల్లి మీదుగా తిరువూరు వెళ్లే దారిలో మైలవరం ఉంది. మామిడి తోటల మధ్య ఉన్న ఈ మండల కేంద్రంలో మందుల దుకాణానికి వెళ్లి సర్పికి డాక్టరు రాసిన చీటీ చూపిస్తే ఎసైక్లోవిర్ మాత్రలు ఇస్తారు. అదే దుకాణంలో డెంగీ వైరస్‌ను అణచే మందు అడిగితే ఇవ్వడానికి ఏమీ ఉండదు. పారాసెటమాల్, ఓఆర్ఎస్ పొట్లాలతో సరిపెట్టుకోవాలి. ఇది దుకాణంలో సరుకు లేకపోవడం కాదు, డెంగీకి ఆమోదం పొందిన యాంటీవైరల్ మందు ప్రపంచంలో ఎక్కడా లేదు.

తెలుగు నేలకు వైరస్ మందులతో ఉన్న సంబంధమంతా ఈ రెండు జవాబుల మధ్యనే ఉంది. ఎయిడ్స్, హెపటైటిస్-సి, ఫ్లూ, కోవిడ్ మందుల్ని హైదరాబాదు, విశాఖపట్నం పరిసరాల్లోని ఫ్యాక్టరీలు టన్నుల లెక్కన తయారు చేసి ఖండాలు దాటిస్తున్నాయి. వేరే దేశాల్లో పుట్టిన అణువును తక్కువ ఖర్చుతో, స్వచ్ఛంగా తయారు చేసే విద్యలో ఇక్కడి రసాయన శాస్త్రవేత్తలకు సాటి వచ్చేవారు తక్కువ. అయితే ఈ గడ్డ మీదే పిల్లల్ని పొట్టన పెట్టుకునే జ్వరాలకు కొత్త అణువును కనిపెట్టే పని ఇంకా బాకీగానే ఉంది.

వైరస్ మందు ఎందుకంత కష్టం

బాక్టీరియా సొంత కణం ఉన్న జీవి. దాని గోడ వేరు, ప్రొటీన్లు తయారు చేసుకునే యంత్రాంగం వేరు. మన కణాల్లో లేని ఆ భాగాల మీద పెన్సిలిన్ వంటి యాంటీబయాటిక్ దెబ్బ వేస్తుంది. వైరస్‌కు అలాంటి సొంత సంసారం లేదు. కాస్త జన్యు పదార్థం, దాని చుట్టూ ప్రొటీను తొడుగు, కొన్నిటికి పైన కొవ్వు పొర, అంతే. మన కణంలోకి దూరి, మన ముడిసరుకుతోనే తన నకళ్లు తీయించుకుంటుంది. దాన్ని కొట్టబోతే మనకే తగులుతుంది. జలుబు, డెంగీ జ్వరాలకు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకుంటే డబ్బు పోవడం తప్ప వైరస్‌కు జరిగే నష్టమేమీ లేదు.

అయినా వైరస్ తన వెంట తెచ్చుకునే సొంత పనిముట్లు కొన్ని ఉంటాయి. జన్యు పదార్థానికి నకలు తీసే పాలిమరేజ్, పొడుగాటి ప్రొటీన్లను ముక్కలుగా కోసే ప్రోటియేజ్, హెచ్‌ఐవీ తన జన్యువును మన డీఎన్ఏలో అతికించడానికి వాడే ఇంటిగ్రేజ్, ఫ్లూ వైరస్ కణం నుంచి విడివడి బయటపడటానికి వాడే న్యూరమినిడేజ్ అలాంటివి. ఈనాటి యాంటీవైరల్ మందుల్లో ఎక్కువ భాగం వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటాయి.

ఎసైక్లోవిర్ పనితీరు చూస్తే ఈ విద్య లోతు తెలుస్తుంది. డీఎన్ఏలో ఉండే గ్వానోసిన్‌కు నకిలీ రూపం ఇది. ముందువైపు రంధ్రం మూసుకుపోయిన పూస దండలోకి ఎక్కితే దాని తర్వాత మరో పూస ఎక్కదు కదా, ఎసైక్లోవిర్ చేరిన చోట వైరస్ డీఎన్ఏ గొలుసు అలాగే ఆగిపోతుంది. అయితే ఈ నకిలీ పూస పనిలోకి దిగాలంటే దానికి మూడు ఫాస్ఫేట్లు తగలాలి. మొదటి ఫాస్ఫేట్‌ను తగిలించేది హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్ తెచ్చుకున్న ఎంజైమే. మిగతా రెండూ మన కణం తగిలిస్తుంది. కాబట్టి వైరస్ లేని కణంలో ఈ మందు దాదాపు నిద్రపోతూ ఉంటుంది. వైరస్ తన ఎంజైముతో తన మీదికే మందును లేపుకుంటుందన్నమాట. అమెరికాలో బరోస్ వెల్కమ్ సంస్థలో గెర్‌ట్రూడ్ ఎలియన్ బృందం 1970లలో దీన్ని తీర్చిదిద్దింది. ఆమెకూ, జార్జ్ హిచింగ్స్‌కూ, జేమ్స్ బ్లాక్‌కూ 1988లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ హిచింగ్స్ కుర్రతనంలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. అదే ప్రయోగశాలలో ఫిస్క్‌తో కలిసి పనిచేసినవాడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు 1925లో ప్రకటించారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో వేరుచేసి చూపారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్ని గుర్తించాడు. సుబ్బారావు వైరస్ మందు ఏదీ కనిపెట్టలేదు. కానీ ఎసైక్లోవిర్, ఏజెడ్‌టీ, టెనోఫోవిర్, సోఫోస్‌బువిర్, రెమ్‌డెసివిర్ అన్నీ మన కణాల్లో ఫాస్ఫేట్లు తగిలించుకున్నాకనే పనిచేస్తాయి. ఆ ఫాస్ఫేట్ల లెక్క లోకానికి తెలిసిన తొలి రోజుల్లో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది.

మద్రాసులో మశూచి మాత్ర

మనుషుల్లో పనిచేసినట్టు మొదట కనిపించిన వైరస్ మందుల్లో ఒకదాన్ని తెలుగువారి పొరుగునే పరీక్షించారన్న సంగతి చాలామంది మరిచిపోయారు. మశూచి ఇంకా ఊళ్లను ఖాళీ చేస్తున్న రోజుల్లో, 1963లో, మెథిసజోన్ అనే మందును మద్రాసులో రోగుల ఇళ్లలోనివారికి ఇచ్చి చూశారు. బావర్, కెంప్, డౌనీ తదితరులు ఆ ఏడాదే లాన్సెట్‌లో ప్రకటించిన లెక్క ప్రకారం మందు వేసుకున్న 1,101 మందిలో ముగ్గురికే మశూచి సోకింది. వేసుకోని 1,126 మందిలో 78 మందికి వచ్చింది. ఆ అంకెలు చూసి వైద్యలోకం సంబరపడింది.

తర్వాత మరింత కట్టుదిట్టంగా, ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చేసిన ప్రయోగాల్లో అంత మేలు కనబడలేదు. పైగా ఆ మందు వేసుకున్నవాళ్లకు వాంతులు ఎక్కువ. చివరకు మశూచిని తుడిచిపెట్టింది టీకానే. మెథిసజోన్ కథను ఇక్కడ ముందే చెప్పడానికి కారణం ఉంది. తొలి ప్రయోగంలో వెలిగిపోయిన మందు తర్వాతి ప్రయోగంలో వెలవెలబోవడం ఈ రంగంలో పదేపదే జరిగింది.

సర్పి, ఆటలమ్మ

చిన్నతనంలో ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్ నరాల మొదళ్లలో దాక్కుని, ఏళ్ల తర్వాత నడుము చుట్టూనో ముఖం మీదనో ఒకవైపు మంటతో, నీటి పొక్కులతో లేస్తే అదే సర్పి. కృష్ణా, గుంటూరు పల్లెల్లో సర్పికి ఎర్రమన్ను పూయించడం, మంత్రం వేయించడం ఇప్పటికీ ఉంది. మంత్రం వల్ల వచ్చే నష్టం మంత్రంలో లేదు, ఆ నాలుగు రోజుల ఆలస్యంలో ఉంది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే ఎసైక్లోవిర్ బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకు మామూలుగా 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు. ఐదుసార్లు ఎందుకంటే ఈ మందు పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కేది కొద్దిగానే, ఎక్కినదీ త్వరగా మూత్రంలో పోతుంది. ఆ ఇబ్బంది తీర్చడానికే వలాసైక్లోవిర్ వచ్చింది. లోపలికి వెళ్లాక అది ఎసైక్లోవిర్‌గా మారుతుంది, రోజుకు మూడుసార్లు వేసుకుంటే చాలు. కంటి పక్కన సర్పి లేస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు, చూపుకే ముప్పు.

అమ్మవారు పోస్తే మందు వేయకూడదన్న నమ్మకమూ ఇలాంటిదే. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఆటలమ్మ తనంతట తనే తగ్గుతుంది గనుక ఆ నమ్మకం నిలబడింది. పెద్దవాళ్లలో, గర్భిణుల్లో అది న్యుమోనియాకు దారితీయవచ్చు. వేపాకులు పక్క మీద వేసుకుంటూనే డాక్టరు చెప్పిన మాత్ర కూడా వేసుకోవచ్చని ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కమాట అంటే చాలు, చాలా ప్రాణాలు నిలుస్తాయి.

ఎయిడ్స్: రసాయన మార్గం వెదికినవారు

మన దేశంలో హెచ్‌ఐవీని మొదట 1986లో మద్రాసులో సునీతి సోలమన్ బృందం గుర్తించింది. ఆ తర్వాత పదేళ్లలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ఎక్కువ హెచ్‌ఐవీ ఉన్న రాష్ట్రాల వరుసలోకి చేరింది. రైల్వే జంక్షను, లారీల ఆటోనగర్, జాతీయ రహదారుల కూడలి అయిన విజయవాడకూ, దాని చుట్టుపక్కల కోస్తా జిల్లాలకూ ఆ రోజులు పీడకల. ఊరి చివర ఇంట్లో మనిషి ఎండిపోయి చనిపోతే టీబీ అని చెప్పి దహనం చేసిన కుటుంబాలు ఎన్నో.

అప్పటికి మందు లేకపోలేదు. 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం తయారు చేసి, పనికిరాదని పక్కన పెట్టిన అణువు ఏజెడ్‌టీ. అదే హెచ్‌ఐవీని ఆపుతుందని తేలాక 1987 మార్చిలో అమెరికా ఆమోదించింది. పాత మందును కొత్త రోగానికి వాడటానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు. ధర మాత్రం ఏడాదికి దాదాపు 10,000 డాలర్లు.

గుంటూరులో 1935లో పుట్టిన ఏ.వి. రామారావు అప్పట్లో హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ డైరెక్టరు. ఏజెడ్‌టీ తయారీకి ఆయన బృందం సొంత మార్గం వేసింది. ఆ పద్ధతిని సిప్లా అందుకుని 1990ల మొదట్లో మందును దేశంలో విడుదల చేసింది. విదేశీ ధరలో అది చిన్న భాగమే. అయినా సామాన్యుడికి అందలేదు, సర్కారు దగ్గర కొని పంచే డబ్బు లేదు. తయారీ సమస్య తీరినంత మాత్రాన మందు రోగి చేతికి రాదని తెలుగు నేల మొదటిసారి అప్పుడు చూసింది.

ఒక్క మందుతో హెచ్‌ఐవీ లొంగదు. నకలు తీసేటప్పుడు అది చేసే తప్పుల వల్ల రోజూ కొత్త రూపాలు పుడతాయి, వాటిలో మందుకు లొంగనిదేదో మిగిలి పెరుగుతుంది. మూడు మందులు ఒకేసారి ఇస్తే మూడింటినీ తప్పించుకునే రూపం పుట్టడం దాదాపు అసాధ్యం. 1996 నుంచి ఈ మూడు మందుల చికిత్స స్థిరపడింది. 2001లో సిప్లా ఏడాదికి 350 డాలర్లకే దాన్ని ఇస్తాననడంతో ప్రపంచ మార్కెట్ కదిలింది. వెనువెంటనే హైదరాబాదు కంపెనీలు హెటెరో, అరబిందో, మ్యాట్రిక్స్, తర్వాత లారస్ ల్యాబ్స్ ఆ రంగంలోకి దిగాయి.

ఇక్కడ జరిగింది ఉత్త నకలు అనుకుంటే ఆ రసాయన శాస్త్రవేత్తలకు అన్యాయం చేసినట్టే. 1970 నాటి పేటెంట్ చట్టం మందు అణువు మీద పేటెంట్ ఇవ్వలేదు, తయారీ పద్ధతి మీదే ఇచ్చింది. కాబట్టి కొత్త పద్ధతి వెదికినవాడికి దారి తెరిచి ఉండేది. లామివుడిన్‌నే తీసుకోండి. దీని అణువు కుడిచేయి, ఎడమచేయి లాగా రెండు అద్దపు రూపాల్లో ఏర్పడుతుంది. రెండూ వైరస్‌ను ఆపుతాయి గానీ ఒక రూపం మన కణాలకు విషం ఎక్కువ, మరొకటి బాగా తక్కువ. ఆ రెండోదాన్నే మిగతాది కలవకుండా తీయాలి. రియాక్టర్‌లో వేడి కాస్త తేడా వచ్చినా, ద్రావకం మారినా మలినం పెరుగుతుంది, బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది. ఏడు అంచెల పనిని ఐదు అంచెలకు కుదించడం, ఖరీదైన ఉత్ప్రేరకం బదులు చవకైనది వాడటం, వాడిన ద్రావకాన్ని మళ్లీ పట్టుకోవడం వంటి వాటితోనే మాత్ర ధర డాలర్ల నుంచి సెంట్లకు దిగింది. 2017లో అరబిందో, మైలాన్ కంపెనీలతో కుదిరిన ఒప్పందంతో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర పేద దేశాలకు మనిషికి ఏడాదికి 75 డాలర్ల ప్రాంతానికి వచ్చింది.

ఈ గొప్పకు పటాన్‌చెరు, దాని చుట్టుపక్కల చెరువులు మూల్యం చెల్లించాయి. అక్కడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లలో యాంటీబయాటిక్‌లు భారీ మోతాదులో ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ప్రపంచానికి చవక మందు ఇచ్చే నేల తన నీళ్లను పోగొట్టుకోవడం న్యాయం కాదు. ఆ శుద్ధి ఖర్చు కూడా మందు ధరలో కలిసి ఉండాలి.

ప్రభుత్వం ఇచ్చే ఉచిత హెచ్‌ఐవీ మందుల చికిత్స (ఏఆర్‌టీ) 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మొదట మొదలైన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తొలి రోజుల్లో ఇచ్చిన స్టావుడిన్ ప్రాణం నిలిపింది గానీ బుగ్గలు పీక్కుపోయేవి, అరికాళ్లు తిమ్మిరెక్కేవి. బుగ్గలు చూసి ఊళ్లోవాళ్లు రోగం పసిగడతారని మాత్రలు మానేసినవారున్నారు. తర్వాత ఎఫావిరెంజ్ వచ్చింది, రాత్రి వేసుకుంటే తల తిరుగుడు, విచిత్రమైన కలలు. ఇప్పటి డోలుటెగ్రావిర్ మాత్రతో ఆ బాధలు చాలావరకు తగ్గాయి, రక్తంలో వైరస్ లెక్క (వైరల్ లోడ్) కూడా త్వరగా పడిపోతుంది. 2017 నుంచి రోగనిరోధక కణాల (సీడీ4) లెక్కతో పని లేకుండా హెచ్‌ఐవీ తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ పెద్దల్లో హెచ్‌ఐవీ 0.67 శాతం. దేశ సగటు 0.21 శాతం.

కొత్త అణువుల్లో లెనాకాపవిర్ మీద అందరి చూపూ ఉంది. వైరస్ లోపలి తొడుగును పట్టుకునే ఈ ఇంజెక్షన్ ఆరు నెలలకు ఒకసారి వేస్తే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడుతుంది. 2024 అక్టోబరులో దాన్ని తయారు చేసిన అమెరికా కంపెనీ గిలియడ్ ఆరు కంపెనీలకు లైసెన్సు ఇచ్చింది, వాటిలో హైదరాబాదు నుంచి డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. ఈ రెండూ 2027 నుంచి ఏడాదికి దాదాపు 40 డాలర్లకు అందించేలా 2025 సెప్టెంబరులో ఒప్పందాలు కుదిరాయి.

కామెర్లు, నేల ఉసిరి, సోఫోస్‌బువిర్

కామెర్లు వస్తే పసరు మందుకు పోవడం కృష్ణా తీరంలో ఈనాటి అలవాటు కాదు. హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ చాలామందిలో కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. అసలు ప్రమాదం బి, సి రకాలతో. అవి లోపల ఏళ్ల తరబడి ఉండిపోయి కాలేయాన్ని గట్టిపరుస్తాయి, క్యాన్సర్‌కూ దారితీస్తాయి.

పసరులో వాడే మొక్కల్ని శాస్త్రం చూడనేలేదనడం తప్పు. డెల్టా పొలం గట్ల మీద కలుపుగా మొలిచే నేల ఉసిరిని మద్రాసులో ఎస్.పి. త్యాగరాజన్ బృందం హెపటైటిస్-బి ఉన్నవారికి 30 రోజులు ఇచ్చి 1988లో లాన్సెట్‌లో ఫలితం ప్రకటించింది. మొక్క పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. హెపటైటిస్-బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ పొందిన బరూక్ బ్లంబర్గ్ ఈ పరిశోధనలో భాగస్వామి. దేశదేశాల్లో ఆశలు లేచాయి. తర్వాత వేరే చోట్ల చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. అన్ని ప్రయోగాల్నీ కలిపి చూసిన 2011 నాటి కాక్రేన్ సమీక్షకు ఉత్తుత్తి మందు కన్నా ఇది మెరుగని చెప్పే ఆధారం దొరకలేదు. హెపటైటిస్-బికి నేడు నిలబడిన మందులు టెనోఫోవిర్, ఎంటెకావిర్. అవి వైరస్‌ను అణచి ఉంచుతాయి, పూర్తిగా తుడిచేయలేవు.

టెనోఫోవిర్ విషయంలో మైలవరం ప్రాంతపు డాక్టర్లకు ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. మైలవరం దాటి తిరువూరు దారిలో వచ్చే ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్లుగా మనుషుల్ని కుంగదీస్తోంది. టెనోఫోవిర్ పాత రూపం కొందరిలో మూత్రపిండాలకు హాని చేస్తుంది. కాబట్టి మందు మొదలుపెట్టే ముందూ, వాడుతున్నంత కాలమూ క్రియాటినిన్ పరీక్ష తప్పదు. కొత్త రూపం అలాఫినమైడ్ చాలా తక్కువ మోతాదులో పనిచేస్తుంది, మూత్రపిండాల మీద భారం తక్కువ. ఒక ప్రాంతపు నీళ్లూ ఒళ్లూ తెలియకుండా అక్కడి మందు నిర్ణయించలేమనడానికి ఇది దగ్గరి ఉదాహరణ.

హెపటైటిస్-సి కథ దీనికి భిన్నం. 2013లో అమెరికాలో వచ్చిన సోఫోస్‌బువిర్, దానికి తోడు మరో మందుతో కలిపి మూడు నెలలు వాడితే నూటికి తొంభై మందికి పైగా వైరస్ శాశ్వతంగా పోతుంది. అక్కడ అప్పట్లో ఆ మూడు నెలల ధర 84,000 డాలర్లు. గుంటూరు జిల్లాకు చెందిన వి.సి. నన్నపనేని స్థాపించిన నాట్కో మొదట పేటెంట్‌ను సవాలు చేసింది, తర్వాత 2015 మార్చిలో గిలియడ్‌తో లైసెన్సు ఒప్పందం కుదుర్చుకుని హెప్సినాట్ పేరుతో మందు తెచ్చింది. 28 మాత్రల డబ్బా ధర రూ.19,900. పోటీ పెరిగాక ఇంకా దిగింది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇది ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. అయినా రక్త పరీక్ష చేయించుకోక, తమకు వైరస్ ఉందన్న సంగతే తెలియనివారు అనేకులు.

ఫ్లూ, కోవిడ్

2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు తేలింది హైదరాబాదులోనే. అప్పటికి మూడేళ్లకు పైగా ముందే రోష్ సంస్థ నుంచి ఫ్లూ మందు ఒసెల్టామివిర్ తయారీ హక్కు తీసుకుని హెటెరో సిద్ధంగా ఉంది. ఈ మందుకు ముడిసరుకైన షికిమిక్ ఆమ్లాన్ని మొదట్లో ఎక్కువగా తీసింది బిర్యానీలో వేసే అనాస పువ్వు నుంచి. జ్వరం మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే ఒసెల్టామివిర్‌తో గట్టి ప్రయోజనం. అనాస పువ్వు కషాయం మాత్రం ఒసెల్టామివిర్ కాదు. ఆ ఆమ్లాన్ని ఎన్నో రసాయన చర్యలకు గురిచేశాకనే మందవుతుంది.

కోవిడ్ నాటికి చేతిలో కొత్త మందు లేదు. పాత వాటినే వెదికారు. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం 2020 మార్చిలో జనం దుకాణాల మీద పడ్డారు, నిజంగా అవసరమైన కీళ్లవాతం రోగులకు అది దొరకలేదు. మరో పాత మందు ఫావిపిరావిర్‌కు హైదరాబాదు రసాయన సాంకేతిక సంస్థ పద్ధతి తయారు చేసి సిప్లాకు ఇచ్చింది. ఎబోలా కోసం పరీక్షించి వదిలేసిన రెమ్‌డెసివిర్‌ను హెటెరో 2020 జూన్‌లో కోవిఫర్ పేరుతో ఒక్కో సీసా రూ.5,400కు విడుదల చేసింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ సీసా కోసం నగలు తాకట్టు పెట్టిన కుటుంబాలున్నాయి, బ్లాకులో కొన్నవారున్నారు.

ఆ సీసా ఏం చేసింది? ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన సాలిడారిటీ ప్రయోగం వెంటిలేటర్ మీద ఉన్నవారికి దానివల్ల మేలు లేదని చూపింది. మరోవైపు, ఆసుపత్రిలో చేరక ముందే, లక్షణాలు మొదలైన వారంలోపు మూడు రోజులు ఇస్తే ఆసుపత్రి పాలవడం 87 శాతం తగ్గిందని ఇంకో ప్రయోగంలో తేలింది. వైరస్ విజృంభణ తొలి రోజుల్లో జరుగుతుంది. ఊపిరి ఆడని దశకు వచ్చేసరికి హాని చేసేది ఎక్కువగా శరీరపు సొంత వాపే. ఆలస్యంగా, అత్యంత ఖరీదుకు, మందు పనిచేయని దశలో దాన్ని కొనిపించడం ఆ రెండో అల విషాదాల్లో పెద్దది.

తర్వాత వచ్చిన మోల్నుపిరావిర్ కూడా ఆశ నిలబెట్టలేదు. డాక్టర్ రెడ్డీస్ 2022 జనవరిలో మాత్ర రూ.35కే తెచ్చింది. భద్రతపై అనుమానాలతో ఐసీఎంఆర్ దాన్ని జాతీయ చికిత్సా విధానంలో చేర్చలేదు. ఆ ఏడాది చివర్లో వెలువడిన బ్రిటన్ ప్రయోగంలో, టీకాలు వేసుకున్న 25 వేలమందికి పైగా పాల్గొన్నచోట, అది ఆసుపత్రి చేరికల్ని తగ్గించలేదు. మరో కోవిడ్ మాత్ర నిర్మట్రెల్విర్ మీద మాత్రం నమ్మకం నిలిచింది. దాని తొలి జెనెరిక్‌గా 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది హెటెరో మందే.

నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో 2021 మే నెలలో ఆనందయ్య అనే నాటువైద్యుడి కోవిడ్ మందు కోసం వేలమంది బారులు తీరారు. ప్రభుత్వం ముందు ఆపించింది, ఆయుష్ నిపుణులతో చూపించి, నెలాఖరున కంటి చుక్కలను పక్కనపెట్టి మందుకు అనుమతించింది. ఆసుపత్రిలో పడక దొరకని జనం అక్కడికి వెళ్లడాన్ని తప్పుపట్టడం తేలిక. వాళ్లకు అందాల్సిన నిజమైన సమాధానం ఒక్కటే: మందు తీసుకున్నవారినీ తీసుకోనివారినీ సమానంగా పోల్చి లెక్క చూపడం. ఆ పని జరగలేదు.

ఖాళీ అర

బుడమేరు మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టి విజయవాడ మీదుగా కొల్లేరుకు పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో అది పొంగి నగరంలో పెద్ద భాగాన్ని ముంచింది. అలాంటి వరదలు తీశాక నిలిచిన నీళ్లలో దోమలు, వెంట జ్వరాలు. డెంగీ అనగానే ప్లేట్‌లెట్ల భయం, బొప్పాయి ఆకు రసం. ఆ రసంతో ప్లేట్‌లెట్లు కొంత పెరిగాయన్న చిన్న ప్రయోగాలున్నాయి. వైరస్ తగ్గిందనీ, మరణాలు తగ్గాయనీ చూపినవి లేవు. ఇళ్ల కంచెల మీద పాకే దూసరతీగ నుంచి సన్ ఫార్మా, ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు సాంకేతిక కేంద్రం కలిసి డెంగీ మందు కోసం ప్రయత్నించాయి. 2020లో దాన్ని కోవిడ్ మీద కూడా పరీక్షకు పెట్టారు. పిల్లలు ఆకు పిండి గడ్డకట్టించి ఆడుకునే తీగ ప్రయోగశాల దాకా వెళ్లడం సంతోషించాల్సిన విషయమే, తీర్పు మాత్రం ప్రయోగాలదే. విదేశాల్లో ఎంతో ఆశ రేపిన మోస్నోడెన్‌విర్ డెంగీ ప్రయోగాన్ని జాన్సన్ అండ్ జాన్సన్ 2024లో ఆపేసింది. కారణం మందు విఫలం కావడం కాదు, కంపెనీ తన ప్రాధాన్యాలు మార్చుకోవడం. డెంగీతో పడకెక్కేది ఎక్కువగా పేద దేశాలవాళ్లు కావడం ఆ లెక్కల్లో తేలిగ్గా తూగుతుంది.

డెల్టాకు డబ్బు రూపంలో భారీ నష్టం తెచ్చిన ఒక వైరస్ మనుషులది కాదు, రొయ్యలది. 1990ల మధ్యలో చెరువుల్ని ఊడ్చేసిన వైట్ స్పాట్‌కు నేటికీ మందు లేదు. వైరస్ లేని పిల్ల వేసుకోవడం, చెరువు కాపలా కాసుకోవడమే దారి.

మందుల వేటలో ఇప్పుడు కొత్త పరికరం కంప్యూటరు. వైరస్ ఎంజైము ఆకారంలో ఏ అణువు ఇముడుతుందో తెర మీదే చూసే డాకింగ్ పద్ధతితో ఫార్మసీ కళాశాలల నుంచి 2020 తర్వాత పరిశోధన పత్రాలు వెల్లువెత్తాయి. తులసి, పసుపు, వేపలోని అణువులన్నీ ఏదో ఒక వైరస్‌కు అతికినట్టే తేలాయి. తెర మీద అతకడం తొలి మెట్టు మాత్రమే. ఆ తర్వాత కణాల్లో, జంతువుల్లో, మనుషుల్లో చూడాలి. బతికి ఉన్న ప్రమాదకర వైరస్‌తో పనిచేసే భద్రమైన ప్రయోగశాలలు మన రాష్ట్రాల్లో అతి తక్కువ. కోవిడ్ సమయంలో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వైరస్‌ను పెంచి, డీఆర్‌డీఓ, డాక్టర్ రెడ్డీస్ తెచ్చిన 2-డీజీ వంటి మందుల్ని పరీక్షించింది. అలాంటి వసతి విజయవాడ, విశాఖ, తిరుపతి ప్రాంతాల పరిశోధకులకు అందుబాటులోకి వస్తే ఆ పత్రాల్లో ఎన్ని నిజమో తేలుతుంది.

అన్నిటికన్నా బరువైన లెక్క చండీపుర వైరస్‌ది. 2003 వేసవి చివర, వర్షాల తొలి రోజుల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో పడ్డారు, 183 మంది చనిపోయారు. జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే చాలామంది ప్రాణం పోయింది. ఇసుక దోమ మోసుకొచ్చే ఈ వైరస్‌ను 1965లోనే నాగపూర్ దగ్గర కనిపెట్టారు. ఇప్పటికీ దానికి ఆమోదం పొందిన మందు లేదు. 2024లో గుజరాత్‌లో మళ్లీ పిల్లల్ని బలితీసుకుంది.

ఇంత త్వరగా చంపే రోగం మీద మందు పరీక్షించడం కష్టమే, వ్యాప్తి మొదలై ముగిసేలోపు అనుమతులు కూడా రావు. కానీ కాంగోలో 2018 నవంబరులో, ఎబోలా చెలరేగుతుండగానే, కాల్పుల మధ్య 681 మందితో నాలుగు మందుల్ని పోల్చి చూశారు. రెండు యాంటీబాడీ మందులు గెలిచాయి, రెమ్‌డెసివిర్ వెనకబడింది. ప్రయోగ ప్రణాళిక, మందు నిల్వ, శిక్షణ పొందిన నర్సులు, నైతిక సంఘం ముందస్తు అనుమతి సిద్ధంగా ఉన్నందువల్లే అది సాధ్యమైంది. కరీంనగర్, వరంగల్, విజయవాడ, కర్నూలు పెద్దాసుపత్రుల పిల్లల వార్డుల్లో ప్రతి ఏటా వర్షాలకు ముందే అలాంటి ఏర్పాటు చేసి పెట్టడానికి కొత్త అణువేదీ కనిపెట్టనక్కర్లేదు.